క్యాండిల్ వాసన రావట్లేదా? ఆ నూనె సీసా పక్కన పెట్టండి

ముందు ఈ గ్లాసులోకి చూడండి, కెమెరా దగ్గరికి తెస్తున్నా. మైనం పైన చిన్న చిన్న బొట్లు కనబడుతున్నాయా, చెమట పట్టినట్టు? టిష్యూతో అద్దుతా... ఇదిగో, జిడ్డు మరక. మామూలు సోయా మైనం కూడా వేడి గదిలో కాస్త చెమరుస్తుంది కదా అని దీన్ని చల్లటి చోట పెట్టి చూశాను. అయినా ఇదే. ఫ్రాగ్రెన్స్ ఆయిల్‌ని, అంటే వాసన కోసం కలిపే నూనెని, మైనం పట్టుకోలేక బయటికి కక్కేసింది. 12 శాతం పోశాను మరి, అత్యాశ!

పోనీ వాసనైనా గుప్పుమంటుందా అంటే అదీ లేదు. వెలిగించిన గంటకే వత్తి కొసన నల్లటి గడ్డ, పుట్టగొడుగులా. గ్లాసు అంచుకి మసి. పక్కనున్నది కూడా అదే మైనం, అదే నూనె, అదే వత్తి. కాకపోతే 7 శాతం. గదిలోకి వాసన వస్తున్నది దీన్నుంచే.

ఎందుకంటే వాసన పుట్టేది మంట చుట్టూ కరిగిన మైనం నుంచి. నూనె ఎక్కువైతే వత్తి మూసుకుపోతుంది, మంట నీరసపడుతుంది, మైనం సరిగా కరగదు. అందుకే వాసన తక్కువైనప్పుడు నేను ముందు అనుమానించేది వత్తినే. ఒక సైజు పెంచి చూస్తాను.

ఇక మిశ్రమ మైనాల సంగతి. రెడీమేడ్‌గా కలిపి వచ్చినదైతే ఎంత నూనె పడుతుందో దాని వివరాల్లోనే రాసి ఉంటుంది. 10 శాతం అని ఉంటే అది గరిష్ఠ హద్దు, అంతా పోసేయమని కాదు! మీరే సోయా 70, పారఫిన్ 30 పాళ్లలో కలుపుకుంటే, ఆ రెండిటి హద్దుల్లో తక్కువదాన్ని లెక్కలోకి తీసుకోండి. నేనైతే ఏ మిశ్రమమైనా 6 శాతంతో మొదలుపెడతాను.

లెక్క మైనం బరువు మీద. 400 గ్రాముల మైనానికి 8 శాతం అంటే 32 గ్రాముల నూనె. మైనం, నూనె కలిపి మొత్తం 200 గ్రాములు పట్టే గ్లాసైతే, అదే 8 శాతానికి 200ని 1.08తో భాగించండి: మైనం సుమారు 185 గ్రాములు, నూనె 15. చెంచాలు, మిల్లీలీటర్లు వద్దు. ఒక్కో నూనె సాంద్రత ఒక్కోలా ఉంటుంది, త్రాసు మీదే తూచండి.

మైనం మరీ చల్లారాక పోస్తే నూనె కలవక అడుగున చేరుతుంది. చివర్లో మంట దాన్ని అందుకుంటే ఒక్కసారిగా భగ్గుమనొచ్చు, కాబట్టి ఇక్కడ బద్ధకం పనికిరాదు. మీ మైనానికి చెప్పిన వేడిలో పోసి, రెండు నిమిషాలు నెమ్మదిగా కలపండి. బుడగలు రాకూడదు.

ఇవాళ మూడు పోశాను: 6, 8, 10. మిగతావన్నీ ఒకటే, అడుగున అంకె రాసి అంటించాను. సోయా ఎక్కువున్న మిశ్రమం కదా, నూనె మైనంలో బాగా ఇమడడానికి రెండు వారాలు ఆగి వెలిగిస్తాను. వెలిగించాక అక్కడే కూర్చుంటే ముక్కు అలవాటుపడిపోతుంది. బయటికెళ్లి పావుగంట తిరిగొచ్చి, తలుపు తీయగానే ఏది తగిలిందో అప్పుడు రాసుకుంటాను.