రొయ్యల గుంటల కట్ట మీద డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్: సెకండ్ హ్యాండ్‌లో కొనొచ్చా?

నమస్తే అండి. నేనిప్పుడు నెల్లూరు జిల్లా విడవలూరు దగ్గర రొయ్యల గుంటల కట్ట మీదున్నాను. వెనక వినపడేది ఏరియేటర్ల చప్పుడు, కాస్త ఓర్చుకోండి. రాత్రి వాన బాగా పడింది. కట్ట మీద మట్టి చూడండి, కాలు పెడితే చెప్పు అక్కడే ఉండిపోతోంది. ఎడమ పక్క నీళ్లు, కుడి పక్క నీళ్లు. మధ్యలో బండి పట్టేంత దారి, అటూ ఇటూ మూరెడు జాగా. మా మామ రోజూ ఈ దారిలోనే మేత మూటలు వేసుకుని తిరుగుతాడు. బండి రెనో డస్టర్, 2016 మోడల్, 1.5 లీటర్ టర్బో డీజిల్, ఆల్ వీల్ డ్రైవ్.

పాత బండికి ఇప్పుడు రివ్యూ ఎందుకంటారా? ఈ మధ్య మన కామెంట్లలో కోట, ముత్తుకూరు, అల్లూరు వైపు నుంచి చాలామంది ఇదే అడుగుతున్నారు. చిన్న ఎస్‌యూవీ కావాలి, టర్బో ఇంజిన్ కావాలి, నాలుగు చక్రాలూ లాగాలి, ధర అందుబాటులో ఉండాలి అని. మన దగ్గర చిన్న ఎస్‌యూవీల్లో ఎక్కువ భాగం చూడ్డానికి ఎత్తుగా ఉన్నా లాగేది ముందు రెండు చక్రాలే. డస్టర్‌లో ఆల్ వీల్ డ్రైవ్ 2014లో వచ్చింది. 2020లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలతో డీజిల్ ఇంజిన్ ఆగిపోయింది. కాబట్టి ఇది కావాలంటే సెకండ్ హ్యాండే. అందుకే మామ దగ్గర తాళాలు తీసుకుని నాలుగు రోజులు తిప్పాను.

ముందు కట్ట సంగతి. గేరు లివర్ కింద ఈ గుండ్రటి నాబ్ ఉంది కదా, మూడు స్థానాలు: టూ వీల్ డ్రైవ్, ఆటో, లాక్. టూ వీల్‌లో పెడితే ముందు చక్రాలే లాగుతాయి. ఇదిగో, అందులోనే పెట్టి కదుపుతున్నాను. ముందు ఎడమ టైరు చూడండి. గిర్రున తిరుగుతోంది, మట్టి పూసుకుంటోంది, బండి మాత్రం జానెడు కూడా కదల్లేదు. ఇప్పుడు ఆటోలో పెడతాను. యాక్సిలేటర్ అంతే తొక్కుతున్నాను. టైరు అర చుట్టు జారింది, వెనక నుంచి ఎవరో చేత్తో నెట్టినట్టు బండి ముందుకొచ్చింది.

ఆ అర చుట్టులో ఏం జరిగిందో చెప్తాను, ఈ బండిలో అసలు విషయం అదే. ఇంజిన్ నుంచి వెనక్కి ఒక పొడవాటి షాఫ్ట్ వెళ్తుంది. వెనక డిఫరెన్షియల్‌కి, అంటే ఎడమ, కుడి చక్రాలకి బలం పంచే గేర్ల పెట్టెకి ముందు ఒక విద్యుదయస్కాంత కప్లింగ్ ఉంటుంది, షాఫ్ట్‌ని వెనక చక్రాలతో కలిపేది అదే. లోపల క్లచ్ ప్లేట్ల లాంటివే ఉంటాయి. ముందు టైరు జారుతోందని సెన్సర్లు చెప్పగానే కంప్యూటర్ కరెంటు పంపుతుంది, ప్లేట్లు బిగుసుకుంటాయి, ఇంజిన్ బలంలో సగం దాకా వెనక్కి వెళ్తుంది. లాక్‌లో పెడితే జారేదాకా ఆగకుండా ముందే బిగుసుకుని ఉంటుంది. వేగం పెరిగితే మాత్రం లాక్ దానంతటదే ఆటోకి మారిపోతుంది.

ఇక్కడ ఒక్క మాట జాగ్రత్తగా వినండి. లాక్ అంటే ముందుకీ వెనక్కీ మధ్య లాక్, అంతే. ఒకే ఇరుసు మీద ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య లాక్ లేదు. తూము దగ్గర కట్ట కోసుకుపోయిన చోట ముందు ఎడమ టైరు, వెనక కుడి టైరు రెండూ గాల్లోకి లేచాయనుకోండి, ఆ రెండే తిరుగుతూ కూర్చుంటాయి. పాత జీపుల్లో ఉండే లో గేరు కూడా దీంట్లో లేదు. దాని బదులు మొదటి గేరు చాలా పొట్టిగా ఇచ్చారు. క్లచ్ పూర్తిగా వదిలేసి యాక్సిలేటర్ మీద కాలు పెట్టకపోయినా మనిషి నడకలా పాకుతుంది. కట్ట మీద నాకు బాగా నచ్చింది ఇదే. మేత బస్తాలు వేసుకుని వెళ్లేటప్పుడు కుదుపు లేదు, టెన్షన్ లేదు.

నాలుగు చక్రాలు లాగుతున్నాయి కదా అని వేగం పెంచొద్దు. బ్రేకు కొట్టినప్పుడు ఈ కప్లింగ్ మిమ్మల్ని ఆపదు. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, మామూలు బండికి ఎలాగో దీనికీ అలాగే. తడి కట్ట మీద ఎక్కే బలం రెట్టింపయింది గానీ ఆగే బలం అంతే ఉంది. గుంటలోకి జారిన బండ్లని నేను చూశాను, లోపల మనుషులు ఉండగా. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇక ఇంజిన్. 1461 సీసీ, 110 పీఎస్, టార్క్ (తిప్పే బలం) సుమారు 245 న్యూటన్ మీటర్లు, ఆరు గేర్ల మాన్యువల్. దీన్ని అర్థం చేసుకోడానికి రాపూరు నుంచి చిట్వేలు వెళ్లే వెలికొండ ఘాట్ రోడ్డుకి తీసుకెళ్లాను. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో, ఇంజిన్ నిమిషానికి 1800 చుట్లు (ఆర్‌పీఎం) దాటాకే మేలుకుంటుంది. అంతకు కింద బండి బద్ధకంగా ఉంటుంది. మలుపులో మూడో గేరులో నెమ్మదించి మళ్లీ తొక్కితే ఒక క్షణం ఏమీ జరగదు. తర్వాత ఒక్కసారిగా తోస్తుంది, అప్పటికి మలుపు మధ్యలో ఉంటారు. కొత్తగా నడిపేవాళ్లు భయపడేది ఇక్కడే. అలవాటైతే సులువే, మలుపుకి ముందే రెండో గేరుకి దించండి, 2000 దగ్గర పట్టుకోండి. అక్కడి నుంచి 3500 దాకా బ్రహ్మాండంగా లాగుతుంది. ఆపైన చప్పుడు తప్ప పెద్దగా లాభం లేదు.

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా హైవే మీద ఆరో గేరులో వందకి అటూ ఇటూగా వెళ్తే లీటరుకి 16 వచ్చింది. కట్టల మీద 11 దాటలేదు. కంపెనీ చెప్పిన 19.72 మన వాడకంలో రాదు.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. ఈ బండిని అందరూ నాలుగు చక్రాల కోసం కొంటారు. రోజూ మీకు అక్కరకొచ్చేది మాత్రం వెనక సస్పెన్షన్. మామూలు డస్టర్‌లో వెనక రెండు చక్రాలకీ ఒకే బీమ్ ఉంటుంది. ఆల్ వీల్ డ్రైవ్‌లో వెనక డిఫరెన్షియల్‌కి చోటు కావాలి కాబట్టి ఆ బీమ్ తీసేసి, ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఆడే మల్టీలింక్ పెట్టారు. దాని సుఖం రోడ్డు మీద తెలుస్తుంది. లారీలు తిరిగి గాళ్లు పడ్డ ముత్తుకూరు రోడ్డులో ఒక పక్క టైరు గుంతలో దిగితే రెండో పక్క కూర్చున్నవాళ్లకి తెలియట్లేదు. మా అత్తకి నడుం నొప్పి, ఆటో ఎక్కమంటేనే వద్దంటుంది. ఈ బండి వెనక సీట్లో కసుమూరు దర్గాకి వెళ్లొచ్చి, "నడుం పట్టలేదురా" అంది. గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేల నుంచి బండి అడుగుకి ఎత్తు, 210 మిల్లీమీటర్లు ఉన్నా మలుపులో బండి పడవలా ఊగదు. నా లెక్కలో దీన్ని మించి బాగా కూర్చున్న సస్పెన్షన్ ఈ ధరలో దొరకదు.

నచ్చనివి కూడా చెప్పాలి. స్టీరింగ్ బరువు. గుంతలో పడితే చేతుల్లోకి తన్నుతుంది, బొటనవేళ్లు లోపలికి పెట్టి పట్టుకోకండి. లోపల ప్లాస్టిక్ గట్టిగా, సాదాగా ఉంటుంది. డిక్కీ మామూలు డస్టర్‌లో 475 లీటర్లయితే దీంట్లో 410. మామకి మేత బస్తాల లెక్కలో ఆ తేడా బాగా తెలిసింది.

ఇసుక మీద ఎలా ఉంటుందో చూద్దామని మైపాడు వెళ్లాం. మెత్తటి ఇసుక దగ్గర ఆగి టైర్లలో గాలి 33 పీఎస్‌ఐ నుంచి 18కి దించాను. టైరు కింద భాగం అట్లలా పరుచుకుంది, చూస్తున్నారుగా. లాక్‌లో పెట్టి, రెండో గేరులో, ఆగకుండా వెళ్తే నీళ్ల దాకా హాయిగా పోయింది. తిరిగొచ్చేటప్పుడు తప్పు నాదే. కెమెరా కోసం మెత్తటి చోట, స్టీరింగ్ తిప్పి ఉండగా ఆపాను. కదలబోతే కూరుకుపోయింది. పట్టుదలగా తొక్కేసరికి మీటర్లో ఫోర్ వీల్ దీపం మిణుకుమిణుకుమంది. అంటే కప్లింగ్ వేడెక్కింది. అప్పుడు ఇంకా తొక్కితే వెనక చక్రాలకి బలం తగ్గించేస్తుంది, తనని తాను కాపాడుకోడానికి. ఇంజిన్ ఆపకుండా పది నిమిషాలు అలాగే ఉంచాం. వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన వచ్చి, "చక్రం తిన్నగా పెట్టు అబ్బయ్యా, ఎనక్కి రా, వచ్చిన గాడిలోనే రా" అన్నాడు. ముందు చక్రాలు తిన్నగా పెట్టి రివర్స్ వేస్తే వచ్చేసింది. ఆయనకి దణ్ణం.

కొనాలనుకునేవాళ్లు ఇవి చూడండి. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకేలా అరిగినవి ఉండాలి. రెండు కొత్తవి, రెండు అరిగినవి ఉంటే చక్రాల చుట్టుకొలత తేడా వస్తుంది, కప్లింగ్ ఊరికే పనిచేస్తూ అరిగిపోతుంది. టైర్లు మార్చాలంటే నాలుగూ ఒకేసారి, ఆ డబ్బు ముందే లెక్కలో వేసుకోండి. ఈ ఇంజిన్‌కి టైమింగ్ బెల్టు ఉంటుంది, మార్చిన బిల్లు అడగండి. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి. బెల్టు తెగితే ఇంజిన్ విప్పాల్సిందే. వెనక డిఫరెన్షియల్ ఆయిల్ ఎప్పుడు మార్చారో కనుక్కోండి. మన తీరం బండి అయితే లిఫ్టు మీద ఎక్కించి కింద ఉప్పు తుప్పు తప్పకుండా చూడాలి, ముఖ్యంగా ఆ మల్టీలింక్ బోల్టులు. జారే మట్టి నేల మీద లాక్‌లో పెట్టి కాస్త కదిపి, వెనక చక్రాలు లాగుతున్నాయో లేదో తెలుసుకోకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

రోజూ టౌన్‌లో ఆఫీసుకి వెళ్లొచ్చేవాళ్లకి ఇది వద్దు. క్లచ్ బరువుకి మోకాలు నొప్పి పుడుతుంది. గుంటలు, మామిడి తోటలు, నిమ్మ తోటలు ఉన్నవాళ్లకి మాత్రం ధైర్యంగా చెప్తాను, మంచి కండిషన్‌లో దొరికితే తీసుకోండి. మైపాడు నుంచి వస్తూ ఇందుకూరుపేటలో మళ్లీ గాలి 33కి కొట్టించాను, బండి కడిగించి తాళాలు మామకిచ్చాను. అమ్ముతావా మామా అని అడిగితే, మేత బస్తా డిక్కీలో పెట్టుకుంటూ తల అడ్డంగా ఊపాడు.