నీ చేత్తో ఏం కొలిచావు?

(చెన్నైలో సివిల్ ఇంజనీరింగ్, డిప్లొమా చదువుతున్న తెలుగు విద్యార్థుల కోసం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నేను వచ్చినప్పటి నుంచి ముందు వరుసలో వాళ్లంతా ఈ బల్ల మీది గోనెసంచి వైపే చూస్తున్నారు. అందులో ఏముందో చివర్లో విప్పి చూపిస్తాను.

మాది కావలి. రోడ్ల పనిలోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, అందులో ఎక్కువ కాలం చెన్నైలోనే గడిచింది. ఏటా ట్రైనీలను ఇంటర్వ్యూ చేసే వాళ్లలో నేనూ ఒకదాన్ని. మార్కులు చూస్తాం, ప్రాజెక్టు గురించి అడుగుతాం. తర్వాత నేను ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న అడుగుతాను: "ఇంటర్న్‌షిప్ చేశానన్నావు కదా, అక్కడ నీ చేత్తో ఏం కొలిచావు?"

చాలామంది అక్కడ ఆగిపోతారు. "చూశాం మేడమ్" అంటారు. రోడ్డు మీద తారు కంకర పరిచే పేవర్ చూశాం, రోలర్ చూశాం, హాట్ మిక్స్ ప్లాంటు చూశాం. హెల్మెట్లు పెట్టుకుని దిగిన ఫొటోలు కూడా ఫోన్‌లో చూపిస్తారు. నేను వాళ్లను తప్పుపట్టను. చూపించడానికి తీసుకెళ్లారు, చూసి వచ్చారు. నాలుగు వారాల్లో ఒక్కసారైనా ఎత్తుపల్లాలు చూసే లెవల్ మెషిన్‌కి కన్ను ఆనించనివ్వలేదంటే ఆ తప్పు మా పెద్దవాళ్లది. ఈరోజు నేను మాట్లాడేది ఎక్కువగా దాని గురించే.

ఈ ఊళ్లో ఇంజనీరింగ్ చదువు ఎలా మొదలైందో తెలుసా? 1794లో, సెయింట్ జార్జి కోట దగ్గర, ఎనిమిది మంది కుర్రాళ్లతో. భూమి కొలవడం నేర్పే బడి అది. ఆ బడే పెరిగి పెరిగి ఇవాళ్టి గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. ఎనిమిదేళ్ల తర్వాత, 1802 ఏప్రిల్‌లో, సెయింట్ థామస్ మౌంట్ దగ్గర లాంబ్టన్ అనే బ్రిటిష్ సైనికాధికారి తన కొలత గీత మొదలుపెట్టాడు. వంద అడుగుల ఉక్కు గొలుసుతో దాదాపు పన్నెండు కిలోమీటర్లు కొలిచారు. దేశం మొత్తాన్ని త్రిభుజాలుగా కొలిచిన ఆ పెద్ద సర్వేకి అదే పునాది. అంటే ఇక్కడ చదువు గొలుసు పట్టుకోవడంతోనే మొదలైంది. మధ్యలో ఎప్పుడో గొలుసు వదిలేసి, దాని గురించి పరీక్ష రాయడం దగ్గర ఆగిపోయాం.

ఇప్పుడు మీకు పనికొచ్చే సంగతి. కాలేజీ నుంచి రోడ్డు మీదకు వెళ్లడానికి మూడు దారులున్నాయి. వాటిని కలగలిపి మాట్లాడేస్తుంటారు, అందుకే విడివిడిగా చెబుతున్నాను.

ఒకటి ఇంటర్న్‌షిప్, చదువు మధ్యలో కొన్ని వారాలు. దాని గురించి ఒక్కటే చెబుతాను, సర్టిఫికెట్ కొనుక్కోకండి. కొన్నది ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నల్లో తెలిసిపోతుంది.

రెండోది అప్రెంటిస్‌షిప్. దీనికి చట్టం ఉంది, 1961 నాటిది. మొదట ఐటీఐ ట్రేడుల కోసం వచ్చింది, 1973లో సవరించి ఇంజనీరింగ్ డిగ్రీ, డిప్లొమా పాసైనవాళ్లను కూడా చేర్చారు. మీకు అది ఏడాది శిక్షణ. ముప్పై మందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థ తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 2019 నిబంధనల్లో స్టైపెండ్ గ్రాడ్యుయేట్‌కి నెలకు కనీసం 9,000, డిప్లొమా వాళ్లకు 8,000 రూపాయలుగా పెట్టారు. అంతకన్నా ఎక్కువ ఇచ్చే సంస్థలూ ఉన్నాయి. నాట్స్ అనే జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకంలో ఆ కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది. పేరు నమోదు ఆన్‌లైన్‌లోనే. దక్షిణాది రాష్ట్రాల కోసం ఈ పని చూసే బోర్డు ఆఫీసు మన తరమణిలోనే ఉంది. ఆంధ్ర, తెలంగాణ కాలేజీల్లో చదివినవాళ్లకూ అదే.

మూడోది గ్రాడ్యుయేట్ ఇంజనీర్ ట్రైనీ, మీ మాటల్లో జీఈటీ. ఇది ఉద్యోగం. మొదటి ఏడాది ట్రైనింగ్ అంటారు గానీ మీరు ఆ కంపెనీ మనిషే.

అప్రెంటిస్‌షిప్‌కీ జీఈటీకీ తేడా ఇంట్లో అమ్మానాన్నలకు కూడా వివరంగా చెప్పండి. అప్రెంటిస్ చట్టం దృష్టిలో ఉద్యోగి కాదు, శిక్షణ పొందుతున్న వ్యక్తి. ఏడాది తర్వాత ఉద్యోగం ఇచ్చి తీరాలన్న హామీ చట్టంలో లేదు. అది తెలియక ఏడాది చివర్లో కుమిలిపోయిన పిల్లల్ని చూశాను. అలాగని తక్కువగా చూడకండి. పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారానికి అప్రెంటిస్‌కి కూడా హక్కుంది. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, దాన్ని నమోదు చేయించాలి. కాపీ మీ దగ్గర పెట్టుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరడిగినా చేతిలో పెట్టి రాకండి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఇన్నేళ్లలో దీన్ని చాలా తక్కువ మందికి చెప్పాను.

2002. చెన్నై–కోల్‌కతా రోడ్డును నాలుగు లేన్లు చేస్తున్న రోజులు. స్వర్ణ చతుర్భుజి పని. ఇప్పటి 16వ నంబరు హైవేని అప్పుడు 5వ నంబరు అనేవాళ్లు. నేను గూడూరు వైపు ఒక సైట్‌లో ట్రైనీని. నా పని చిన్నదే. ప్లాంటు నుంచి తారు కలిపిన కంకర టిప్పర్లలో వస్తుంది. పేవర్‌లో పోసే ముందు ప్రతి టిప్పర్‌లో థర్మామీటర్ గుచ్చి, వేడి ఎంతుందో చూసి రిజిస్టర్‌లో రాయాలి. మా సైట్‌లో 130 డిగ్రీల కంటే తగ్గిన లోడ్‌ని వెనక్కి పంపాలి.

ఆ సాయంత్రం ఒక టిప్పర్ రైల్వే గేటు దగ్గర ఇరుక్కుపోయి బాగా ఆలస్యంగా వచ్చింది. పైన టార్పాలిన్ సరిగ్గా కప్పలేదు, ఒక పక్క గాలికి ఎగిరిపోయి ఉంది. నేను థర్మామీటర్ తీసేలోపే మా సీనియర్ "టైం లేదమ్మా, 140 రాసెయ్" అన్నారు. పేవర్ ఆగి ఉంది, వెనకాల ఇంకో రెండు లోడ్లు నిలబడి ఉన్నాయి, అందరూ నా వైపే చూస్తున్నారు. నాకు టెన్షన్ వచ్చేసింది. థర్మామీటర్ చేతిలోనే ఉంది. గుచ్చలేదు. 140 అని రాసేశాను.

తారు చల్లారితే రోలర్ ఎన్నిసార్లు తొక్కినా కంకర దగ్గరకు చేరదు. లోపల సందులు మిగిలిపోతాయి. ఆ సందుల్లోకి నీళ్లు దిగుతాయి. నవంబర్ వానలు మన నెల్లూరు వైపు ఎలా పడతాయో మీకు చెప్పక్కర్లేదు. డిసెంబర్‌లో ఆ చోటికి వెళ్తే ఒక టిప్పర్ లోడు పరిచినంత మేర, కొలిచి గీత గీసినట్టు, కంకర ఊడి వచ్చేసి ఉంది. అటూ ఇటూ రోడ్డు నున్నగా ఉంది. నేను రాసిన 140 అది. దాన్ని తవ్వి మళ్లీ వేశారు. నన్నెవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది.

ఇప్పటి నిబంధనల్లో వీజీ 30 అనే రకం తారైతే పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీలు, 90కి దిగేలోపు రోలింగ్ పూర్తవాలి. ఈ అంకెలు మీరు పరీక్ష కోసం బట్టీపట్టే ఉంటారు. సైట్‌లో మీరు థర్మామీటర్ గుచ్చి నిమిషం ఆగాలి. ఆ నిమిషం మీ వెనక పదిమంది చిరాకు పడుతుంటారు. ట్రైనింగ్ ఏడాదిలో నేర్చుకోవాల్సిన వాటిలో ఆ నిమిషం నిలబడటం అన్నిటికన్నా కష్టం. దాన్ని ఏ కాలేజీ నేర్పదు, నేర్పడం కుదరదు కూడా.

నాకు నేర్పింది ల్యాబ్‌లో పనిచేసే ఒక పెద్దాయన. నాయుడుపేట మనిషి. పదో తరగతి దాటలేదు. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. కంకర ఊడిన సంగతి ఆయన దగ్గర ఏడ్చుకుంటూ చెప్పాను. ఆయన ఓదార్చలేదు. "రేపటి నుంచి ఎఫ్‌డీటీకి నాతో రా అమ్మాయ్" అన్నాడు.

ఎఫ్‌డీటీ అంటే మట్టి ఎంత గట్టిగా తొక్కారో చూసే పరీక్ష. పుస్తకంలో సగం పేజీ ఉంటుంది. మధ్యలో రంధ్రం ఉన్న ట్రేని మట్టి మీద పెట్టాలి. పది సెంటీమీటర్ల వెడల్పు, పదిహేను లోతు గుంట చెక్కాలి. వచ్చిన మట్టంతా తూకం వేయాలి. తర్వాత గుంటలో ఇసుక పోస్తే, ఎంత పట్టిందో దాన్నిబట్టి గుంట ఘనపరిమాణం తెలుస్తుంది. జాతీయ రహదారిలో పైపొరలకు కింద ఉండే మట్టి పొర, అంటే సబ్‌గ్రేడ్‌కి ల్యాబ్‌లో వచ్చిన గరిష్ఠ సాంద్రతలో 97 శాతం రావాలి.

బాబాయ్ మొదటి రోజు నాతో మూడు గుంటలు చెక్కించాడు, మూడూ పనికిరావన్నాడు. మొదటి గుంటలో చిటికెడు మట్టి ట్రే అంచు బయట పడింది, నేను వదిలేశాను. "అది కూడా గుంటలోదే కదా, ఏరు" అన్నాడు. రెండో గుంట అంచులు వదులయ్యాయి. మూడోసారి అన్నీ బాగానే చేసి ఇసుక వదలబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. ముప్పై అడుగుల అవతల రోలర్ వస్తోంది. నేల అదురుతోంది. అదురుడుకి ఇసుక కుదుటపడి గుంటలో ఎక్కువ పడుతుంది. అప్పుడు గుంట ఉన్నదాని కన్నా పెద్దదిగా కనబడి, బాగా తొక్కిన మట్టి కూడా ఫెయిలవుతుంది. రోలర్ ఆగేదాకా ఇద్దరం ఆ ఎండలో గొంతుక్కూర్చున్నాం. నా ప్రొఫెసర్ ఆ మాట చెప్పే ఉంటారు, నాకు గుర్తులేదు. నేల అదరడం మాత్రం అరికాళ్లకు ఇప్పటికీ గుర్తుంది.

తేమ గురించి ఆయన చెప్పినది కూడా వినండి. మట్టిలో నీళ్లు తక్కువైనా తొక్కుడు కుదరదు, ఎక్కువైనా కుదరదు. ఆప్టిమమ్ మాయిశ్చర్ కంటెంట్ అని నేను గ్రాఫ్ గీసి చూపిస్తే ఆయన, "మీ అమ్మ సున్నుండలు చుడుతుందా? నెయ్యి చాలకపోతే విరిగిపోతాయి, ఎక్కువైతే జారిపోతాయి. అంతే" అన్నాడు. తర్వాత గుప్పెడు మట్టి నా చేతిలో పెట్టి పిసకమన్నాడు. ఇవాళ్టికీ నేను సబ్‌గ్రేడ్ మీదకు వెళ్తే ముందు మట్టి పిసికి చూస్తాను, రిపోర్టు తర్వాత.

ఇక అమ్మాయిలకు విడిగా ఒక మాట. సైట్‌లో మీ మొదటి సమస్య లెక్కలూ కాదు, ఎండా కాదు. బాత్రూమ్. నేను ట్రైనీగా ఉన్నప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉండేదాన్ని. దాంతో ఒంట్లో బాగుండక వారం రోజులు మంచం పట్టాను. మరుగుదొడ్లు ఉండాలని 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టంలోనే రాశారు. కాబట్టి అడగడానికి సిగ్గుపడకండి. చేరిన మొదటి రోజే అడగండి. మీరు అడిగితే మీతో పాటు అక్కడ తట్టలు మోసే పాలమూరు అక్కలకూ ఆ సౌకర్యం దక్కుతుంది. వాళ్లు ఏళ్ల తరబడి అడగలేక ఊరుకున్నారు.

అబ్బాయిలకూ అమ్మాయిలకూ కలిపి ఇంకోటి. బండ్లు తిరుగుతున్న రోడ్డు పక్కన పనిచేసేటప్పుడు వాటికి ఎప్పుడూ వీపు తిప్పకండి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. రాత్రి పనిలో ఎత్తు కొలిచే స్టాఫ్ కర్ర పట్టుకుని నిలబడిన కుర్రాడు డ్రైవర్‌కి కనబడడు. మెరిసే సేఫ్టీ జాకెట్ వేసుకోకపోతే నా సైట్‌లో ట్రైనీని లోపలికి రానివ్వను.

పని ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. ఈ ఊళ్లో కూర్చుని ఆ ప్రశ్న అడగక్కర్లేదు. చెన్నై–బెంగళూరు ఎక్స్‌ప్రెస్‌వేనే చూడండి, సుమారు 262 కిలోమీటర్లు. శ్రీపెరంబుదూరు నుంచి హోస్కోటె దాకా వెళ్తుంది, మధ్యలో మన చిత్తూరు, పలమనేరు వైపు నుంచి సాగుతుంది. అలాంటి చోట తమిళం, తెలుగు, కన్నడం, హిందీ నాలుగూ వినబడతాయి. మట్టి చదును చేసే గ్రేడర్ ఆపరేటర్‌తో అతని భాషలో రెండు ముక్కలు మాట్లాడగలిగిన ట్రైనీకి అతను బ్లేడు ఎలా వంచాలో దగ్గరుండి చూపిస్తాడు. ఇంగ్లిష్‌లో ఆర్డర్ వేసేవాడికి చూపించడు. రోడ్డు పూర్తయ్యాక దాన్ని కాపాడుకునే పని ఏళ్ల తరబడి ఉంటుంది. అక్కడా ట్రైనీలు కావాలి, ఆ వైపు ఎవరూ చూడరు.

చివరగా, వెనక వరుసల్లో నా వయసు వాళ్లు, సైట్లు నడిపే వాళ్లు కొందరు కనబడుతున్నారు. మీకు దండం పెట్టి అడుగుతున్నాను. ట్రైనీ చేత ఎక్సెల్ షీట్లు నింపించకండి. తనిఖీకి రమ్మని అడిగే ఆర్ఎఫ్ఐ కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిప్పకండి. వారానికి ఒక రోజు, ఒక్క రోజు, ల్యాబ్ బాబాయిలకు అప్పగించండి. చదువుకోని ఆ పెద్దవాళ్లు రిటైరై ఊళ్లకు వెళ్లిపోతున్నారు. వాళ్ల చేతుల్లో ఉన్నది ఎక్కడా రాసిపెట్టి లేదు.

సరే, సంచి విప్పుదాం. ఇదిగో ట్రే, ఇసుక సిలిండర్, ఉలి, సుత్తి, తూకం. ఇసుక జల్లించి ఆరబెట్టి తెచ్చాను. ఈ హాలు వెనకాల పార్కింగ్ కోసం గ్రావెల్ పోసి తొక్కించారట, వాచ్‌మన్ గారిని అడిగి ఒప్పించాను. ఎంత గట్టిగా తొక్కారో చూద్దాం. ముందు వరుసలో ఆ ఇద్దరమ్మాయిలూ, ట్రే మీరు పట్టుకోండి. చివర కూర్చున్న బాబూ, నువ్వు వెళ్లి బయట బైకులు ఎవరూ స్టార్ట్ చేయకుండా చూడు.