ఫిల్టర్ కొనేముందు రెండు పైపులు చూడండి

యాంకర్: హలో, ఎక్కడి నుంచి?

కాలర్: మియాపూర్ నుంచన్నా. 2021 డీజిల్ బండి, బీఎస్6. వారం నుంచి డీపీఎఫ్ లైట్, అదే పొగలోని మసి పట్టే ఫిల్టర్ లైట్, వెలుగుతోంది, నిన్న ఇంజిన్ లైట్ కూడా వచ్చి పికప్ పడిపోయింది. షెడ్డుకు తీసుకెళ్తే ఫిల్టర్ పోయింది, మార్చాల్సిందే అన్నారు. రేటు విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు.

మెకానిక్: ఆగండి, అప్పుడే కొనకండి. రోజూ ఎంత తిరుగుతారు?

కాలర్: ఆఫీసు హైటెక్ సిటీలో. పోనూ రానూ 20 కిలోమీటర్లు ఉంటుందేమో, సగం టైమ్ ట్రాఫిక్‌లోనే.

మెకానిక్: అదీ సంగతి. ఫిల్టర్‌లో చేరిన మసి కాలాలంటే లోపల 600 డిగ్రీల దాకా వేడెక్కాలి, కొండాపూర్ సిగ్నళ్ల దగ్గర ఆగుతూ పోతుంటే అంత వేడి ఎక్కడొస్తుంది? బండి ఆ మసి కాల్చడం మొదలుపెట్టేలోపే మీరు పార్కింగ్‌లో ఆపేస్తారు. సరే, స్కానర్‌లో ఏ కోడ్ వచ్చింది?

కాలర్: పీ2453 అని చీటీ మీద రాసిచ్చారు.

మెకానిక్: మసి నిండితే వచ్చేది పీ2463. మీది ప్రెషర్ సెన్సర్ లెక్క కుదరట్లేదని చెప్పే కోడ్, ఒక్క అంకె తేడా! ఆ సెన్సర్‌కు ఫిల్టర్ ముందు నుంచీ వెనక నుంచీ రెండు సన్న పైపులు వస్తాయి. వేడికి రబ్బరు పగులుతుంది, లేదా లోపల మసి అడ్డం పడుతుంది. మొన్న ఒక బండిలో పైపు వంచి చూస్తే వెంట్రుకంత చీలిక, చుట్టూ నల్లపొడి. పైపు మార్చాం, అంతే. ఇంకోటి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేసి స్కానర్‌లో ఆ ప్రెషర్ చూడమనండి. సున్నా దగ్గర ఉండాలి. 30, 40 మిల్లీబార్ చూపిస్తే అబద్ధమాడుతున్నది సెన్సరే.

కాలర్: ఔటర్ రింగ్ రోడ్డు మీద తోలితే పోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు?

మెకానిక్: డీపీఎఫ్ లైట్ ఒక్కటే ఉన్నప్పుడైతే సరే, ఆగకుండా ఓ 20 నిమిషాలు తోలితే చాలాసార్లు పోతుంది. ఇంజిన్ లైట్ కూడా వచ్చాక చాలా బండ్లు తమంతట తాము మసి కాల్చవు. ముందు లోపం సరిచేసి, తర్వాత స్కానర్‌తో రీజెన్, అంటే ఆ మసి కాల్చే పని, చేయించాలి. దానికంటే ముందు ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీయండి. రీజెన్ సగంలో ఆగినప్పుడల్లా కాస్త డీజిల్ ఆయిల్లోకి దిగుతుంది.

కాలర్: బండి కిందే ఉంది, ఉండండన్నా... ఆయిల్ పై గీత దాటే ఉంది. డీజిల్ వాసన కూడా.

మెకానిక్: అయితే ఆయిల్ మార్చేదాకా స్టార్ట్ చేయకండి. మీకు మెట్రో ఉంది కదా.

కాలర్: అమీర్‌పేటలో మారాలన్నా!