దుబాయ్ పోయేముందు పానాలు (స్పానర్లు) ఇట్ల పెట్టిపోండ్రి

నమస్తే అన్నలూ, తమ్ముళ్లూ! మన జగిత్యాల, సిరిసిల్ల దిక్కు వీసా వచ్చిందంటే చాలు, మెకానిక్ తమ్ముళ్లు షెడ్డు బంద్ చేసి, పానాలన్ని యూరియా సంచిల ఏసి మూలకు నూకిపోతరు. రెండేండ్లకు వచ్చి సంచి ఇప్పితే లోపలంత ఎర్రపొడి. పైసా పైసా కూడబెట్టి కొన్న సామానాయె, పానం ఉసూరుమంటది.

అట్ల మూలకు పడ్డ పానాను దగ్గరికెళ్లి చూడుండ్రి. నడుమ నున్నగనే ఉంటది. మూతికాడ, నట్టు ఒరుసుకొని క్రోమ్ పూత లేసిపోయిన జాగల, సూదిమొనంత ఎర్రచుక్కలు కనవడ్తయి. జంగు (తుప్పు) షురువయ్యేది గాడనే.

ఇనుముకు గాలి, తడి రెండూ తగిల్తెనే తుప్పు. గాలిల తేమ 60 శాతం దాటితే జోరందుకుంటది. మన వానాకాలం సంగతి మీకు ఎర్కే. చలికాలం పొద్దుగాల రేకుల షెడ్డుల పైనుంచి బొట్లు బొట్లు రాల్తయి గద, అదీ ఇనుము మీదనే పడ్తది. ఇగ చేతి చెమట. అండ్ల ఉప్పుంటది, ఉప్పు తేమను గుంజుతది. ఉత్త చేతుల్తోని పట్టి పక్కకు పెడితే, వేలిముద్ర తీరుగనే జంగు లేస్తది.

అందుకే నేను నూనె కన్నా ముందు కడుగుడు గురించే గట్టిగ చెప్త. తడి మీద గ్రీజు రాస్తే ఆ తడిని లోపల పెట్టి మూతేసినట్టే. డీజిల్ల బ్రష్‌తోని కడగాలె, గోటీల (సాకెట్ల) లోపలి మూలలు కూడ. పొడిబట్టతోని తుడిచి, మంచిగ ఎండల ఆరబెట్టి, గ్లౌజులు తొడుక్కొని అప్పుడు రాయాలె.

ఏం రాయాలె? కాలిన ఇంజన్ ఆయిల్ మాత్రం వద్దే వద్దు. షెడ్డుల ఉత్తగనే దొరుకుతది, కానీ అండ్ల యాసిడ్లు, తడి కలిసి ఉంటయి. కొబ్బరినూనె కూడ వద్దు, కొన్నొద్దులకు చెడిపోతది. డబ్ల్యూడీ-40 స్ప్రే నీళ్లను తరుముతది, పొర పల్చన, ఏండ్లకేండ్లు ఆగదు. అది కొట్టి తుడిచినంక గ్రీజుగానీ వాజిలిన్‌గానీ పల్చగ రాయుండ్రి. ఆకురాళ్లకు మాత్రం నూనె వద్దు, పండ్లల్ల మురికి ఇరుకుతది. వాటిని వీసీఐ కాయితంల (జంగు పట్టకుంట ఆపే మందు కాయితం) చుట్టుండ్రి.

యూరియా సంచి, గోనెసంచి, పేపరు, మూడూ తేమను పట్టి ఉంచేటియే. మూత గట్టిగ పడే డబ్బా తీసుకొని, అండ్ల నీలం సిలికా జెల్ పొట్లాలెయ్యుండ్రి. గులాబీ రంగుకు తిరిగితే మార్చమని ఇంట్ల తమ్మునికి చెప్పిపోండ్రి. డబ్బాను గచ్చు మీద కాదు, చెక్క మీద పెట్టాలె.

ఇంకో ముచ్చట, ఇది చానామంది పట్టించుకోరు. బాత్రూం కడిగే యాసిడ్ సీసా అదే అర్రల ఉండొద్దు. మూత బిగించినా ఆవిరి ఎల్తది, పెట్టెడు సామాను ఖరాబు చేస్తది. చార్జింగు పెట్టే బ్యాటరీ కూడ అంతే.

టార్క్ రెంచ్ (నట్టును నంబరు పెట్టి లెక్క ప్రకారం బిగించే పానా) ఉన్నోళ్లు దాన్ని అన్నిటికన్న తక్కువ నంబరుకు తిప్పి పెట్టుండ్రి, స్ప్రింగు బిగువు మీద ఉండొద్దు. ఆ నంబరు దాటి ఇంకా కిందికి మాత్రం తిప్పకుండ్రి.