ముగ్గురు పిల్లలు, ఒకే వ్యాకరణ పాఠం

శ్రోతలకు నమస్కారం. హనుమకొండలో మా ముగ్గురు పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్నాం. పెద్దవాడికి పదేళ్లు, నడిపి అమ్మాయికి ఎనిమిది, చిన్నవాడికి ఆరు. లెక్కల పుస్తకం ఎంచుకోవడం తేలిగ్గానే జరిగింది. తెలుగు వ్యాకరణం దగ్గర మాత్రం ఏడాది పాటు తడబడ్డాం.

మొదట ఎవరి తరగతి పుస్తకం వారికి కొన్నాను. ఒకరికి నామవాచకం, ఒకరికి విభక్తులు, ఒకరికి సంధులు. ఒకరికి చెబుతుంటే ఇద్దరు ఖాళీ. ఒకరోజు పెద్దవాడు, మాట చివరి 'ఉ' తర్వాత అచ్చు వస్తే ఆ 'ఉ' పోతుందనే ఉత్వసంధి సూత్రం తప్పులేకుండా అప్పజెప్పి పెరట్లోకి పరుగెత్తాడు. క్షణంలో కేక వినిపించింది: "తమ్ముడు జామచెట్టెక్కాడమ్మా!"

చిన్నవాణ్ణి దింపాక అడిగాను: "ఇప్పుడు నువ్వన్న మాటలో ఉత్వసంధి ఎక్కడుంది?" వాడు పుస్తకం వైపు చూశాడు. చెట్టు, ఎక్కాడు, అమ్మా. ఆ ఒక్క కేకలో రెండు ఉత్వసంధులున్నాయి. నా ప్రశ్నలోని 'నువ్వన్న' మరొకటి. నోట్లో ఉన్నదాన్ని పుస్తకంలో వెతుక్కునే స్థితికి వాణ్ణి తెచ్చింది నేను ఎంచుకున్న పద్ధతే. ఆ రోజు నాకు చాలా బాధ కలిగింది.

1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం సంజ్ఞతో మొదలై, సంధి మీదుగా పది పరిచ్ఛేదాలు, అంటే అధ్యాయాలు, సాగుతుంది. పేరులో 'బాల' ఉన్నా, అది భాషపై పట్టు చిక్కినవారికి తగిన వరుస. ఆరేళ్ల పిల్లవాడికి వాక్యం ముందు రావాలి, సూత్రం తర్వాత. ఇప్పుడు ఏ పుస్తకం చేతికి వచ్చినా ఈ ఒక్కటే చూస్తాను. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలనే ఆధారంగా పెట్టుకున్నాం. పాఠం మాత్రం ముగ్గురికీ ఒకటే.

ఒక పాఠం చెబుతాను. పలక మీద మూడు వాక్యాలు రాశాను: నాన్న వచ్చాడు, అక్క వచ్చింది, బస్సు వచ్చింది. చిన్నవాడు చదివాడు. అక్కకూ బస్సుకూ క్రియ ఒకటేనని అమ్మాయి పట్టుకుంది, కాస్త కోపంగానే. "సరే, ఇప్పుడు వీటినే బహువచనంలో చెప్పండి" అన్నాను. నాన్నలు వచ్చారు, అక్కలు వచ్చారు, బస్సులు వచ్చాయి. ఏకవచనంలో బస్సుతో ఉన్న అక్క బహువచనంలో నాన్న పక్కకు చేరింది! ముగ్గురూ అరగంట సేపు ఇంట్లోని మనుషులనూ వస్తువులనూ ఇలా పరీక్షించారు. ఆ తర్వాతే మగవారిని చెప్పే మాటలకు మహద్వాచకం, మిగతావాటికి అమహద్వాచకం అనే పేర్లు చెప్పాను, అదీ పెద్దవాడికే. ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయాలంటే 14 ఏళ్లు నిండాలి. పేర్లన్నీ నేర్చుకోవడానికి అందాకా వ్యవధి ఉంది.

మొన్న చిన్నవాడు ఫోనులో అమ్మమ్మతో, "మనం భద్రకాళి గుడికి వెళ్లాం" అన్నాడు. "అమ్మమ్మ మనతో రాలేదు కదరా, 'మేము వెళ్లాం' అనాలి" అని అక్క దిద్దింది. పెద్దవాడు పక్కనే ఇంగ్లీషు పుస్తకం తిరగేస్తున్నాడు. ఈ రెండు మాటలకూ ఇంగ్లీషులో ఒకటే ఉందని గమనించి, మరి అమ్మమ్మ వచ్చిందో లేదో వాళ్లకు ఎలా తెలుస్తుందని అడిగాడు. రేపటి పాఠం అదే.