లాలాజలంలో కార్టిసాల్: ఒక అంకె మీద రోగిని తేల్చేయవచ్చా?

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సహచర వైద్యులకు, విద్యార్థులకు నమస్కారం. నాకు అప్పగించిన అంశం నోటి లైకెన్ ప్లానస్ రోగులలో హార్మోన్ల స్థాయి. ఉపోద్ఘాతానికి ఇచ్చిన సమయాన్ని కూడా విషయానికే వాడుకుంటాను. ఈ అంశం మీద చాలాకాలంగా నా మనసులో ఉన్న ఒక బాధను వెళ్లబోసుకోవడానికి ఇంతకన్నా తగిన సభ నాకు దొరకదు.

వ్యాధి గురించి ఇక్కడున్నవారికి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1869లో ఎరాస్మస్ విల్సన్ దీనికి ఈ పేరు పెట్టి వర్ణించారు. చర్మం మీది పొక్కులపై కనిపించే సన్నని తెల్ల గీతలను 1895లో లూయీ విక్‌హామ్ వివరించారు. నోట్లో అవే గీతలు బుగ్గల లోపలి వైపు రెండు పక్కలా అల్లుకుని కనిపిస్తాయి. కొందరిలో అవి గీతలుగానే ఉండిపోతాయి. కొందరిలో పైపొర పలచబడి, ఎర్రబారి, పుండుపడి, పళ్లు తోముకోవడం కూడా నరకమవుతుంది. రోగనిరోధక వ్యవస్థకు చెందిన టీ కణాలు, ముఖ్యంగా ఇతర కణాలను చంపగల సీడీ8 రకానివి, పైపొర అడుగున ఉన్న కణాల మీద దాడి చేయడమే ఇందులో జరిగేది. ఇది అంటువ్యాధి కాదు. నడివయసు స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుంది, ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

అలా తిరగబెట్టిన ప్రతిసారీ, ఈమధ్య మనసు బాగాలేదని చాలామంది రోగులు తామే చెబుతారు. అక్కడి నుంచే హార్మోన్ల ప్రశ్న పుట్టింది. మనసు మీద ఒత్తిడి పడినప్పుడు మెదడులోని హైపోథాలమస్ దాని కింద ఉన్న పిట్యూటరీ గ్రంథిని, పిట్యూటరీ మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులను ప్రేరేపించగా కార్టిసాల్ అనే హార్మోను విడుదలవుతుంది. రక్తంలో తిరిగే కార్టిసాల్‌లో అధికభాగం ప్రోటీన్లను అంటిపెట్టుకుని ఉంటుంది. ఏ ప్రోటీనుకూ అంటుకోని కొద్ది భాగమే లాలాజలంలోకి చేరుతుంది, నిజంగా పనిచేసేదీ ఆ భాగమే. సూది గుచ్చే పని లేకుండా నమూనా దొరుకుతుంది కాబట్టి లాలాజల పరీక్ష పరిశోధకులను ఆకర్షించడం సహజమే.

ఫలితాలు మాత్రం ఒక దారిన లేవు. లైకెన్ ప్లానస్ రోగులలో కార్టిసాల్ ఎక్కువగా ఉందని కొన్ని అధ్యయనాలు చెప్పగా, ఆరోగ్యవంతులతో పోలిస్తే తేడా ఏమీ లేదని మరికొన్ని చెప్పాయి. తేడా కనబడిన చోట కూడా, ఒత్తిడి వల్ల వ్యాధి వచ్చిందా, వ్యాధి వల్ల ఒత్తిడి పెరిగిందా అన్నది ఒక్కసారి తీసిన నమూనా చెప్పలేదు. నెలల తరబడి నోరు మండుతూ, ఇది క్యాన్సర్ అవుతుందేమోనన్న భయంతో నిద్రపట్టని మనిషిలో కార్టిసాల్ పెరిగితే అందులో వింతేముంది? పైగా కార్టిసాల్ స్వభావరీత్యా వాపును అణచే హార్మోను. 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది అడ్రినల్ పైపొర హార్మోన్ల మీద చేసిన కృషికే. వాపును అణచే హార్మోను పెరిగినా వాపు ఎందుకు తగ్గడం లేదన్న ప్రశ్నకు, దీర్ఘకాలం కార్టిసాల్ తాకిడికి లోనైన కణాలు దానికి సరిగా స్పందించడం మానేస్తాయన్న వివరణ ఉంది. వివరణ బాగుంది కానీ, ఎదురుగా కూర్చున్న రోగి మీద దాన్ని తీర్పుగా ప్రయోగించడానికి అది చాలదు.

ఇప్పుడు నా బాధ చెబుతాను. కొంతకాలం కిందట ఒక ఉపాధ్యాయురాలు నా దగ్గరకు వచ్చారు. ఆమె చేతిలో లాలాజల కార్టిసాల్ నివేదిక ఉంది. అందులోని అంకె సాధారణ పరిమితికి ఎన్నో రెట్లు ఉంది. అంతకుముందు చూపించుకున్న చోట ఆ కాగితం చూసి, "ఇదంతా మీ టెన్షనేనమ్మా, మనసు కుదుటపరచుకోండి, పుండ్లు అవే పోతాయి" అని పంపేశారట. ఆమె తన నోటికన్నా ముందు తన మనసు మీదే నమ్మకం కోల్పోయి ఉన్నారు. నేను మందుల సంచి బల్ల మీద పెట్టమన్నాను. అందులో పుండు పక్కన ఉంచుకుని కరగనిచ్చే హైడ్రోకార్టిసోన్ బిళ్లలు ఉన్నాయి. ఎప్పుడు వాడారమ్మా అని అడిగితే, నమూనా ఇచ్చిన ఉదయం కూడా ఒకటి పెట్టుకున్నానన్నారు. మిత్రులారా, హైడ్రోకార్టిసోన్ అంటే కార్టిసాలే. అణువు ఒక్కటే. ఆ కాగితం మీద కొలిచింది ఆమె మనసును కాదు, ఆమె నోట్లో కరిగిన బిళ్లను!

ఆ ఒక్క ప్రశ్న అడగడానికి ఎంతసేపు పడుతుంది?

ఇదే రోగి క్లోబెటసాల్ అనే శక్తివంతమైన స్టెరాయిడ్ లేపనాన్ని ఎక్కువగా వాడుతూ ఉండి ఉంటే, అది నోటి పొర గుండా రక్తంలోకి చేరి సొంత కార్టిసాల్ ఉత్పత్తిని అణచివేసి, అంకె అట్టడుగుకు పడిపోయి ఉండేది. అప్పుడు ఆమెకు ఒత్తిడే లేదని రాసేవాళ్లమా? ప్రెడ్నిసలోన్ అనే మరో స్టెరాయిడ్‌తో పుక్కిలించేవారిలో ఇంకో చిక్కు ఉంది. యాంటీబాడీల సాయంతో కొలిచే మామూలు ఇమ్యూనో పరీక్షలు ఆ మందును కూడా కార్టిసాల్‌గానే లెక్కవేయగలవు. పుండు నుంచి కొద్దిగా రక్తం కలిసినా అంకె మారిపోతుంది. అలా రక్తం కారేది సరిగ్గా మనం పరీక్షించదలచుకున్న తీవ్రమైన రోగులలోనే. ఇక వేళ సంగతి: నిద్ర లేచిన తరువాత 30 నుంచి 45 నిమిషాలకు కార్టిసాల్ శిఖరానికి చేరి, అర్ధరాత్రి ప్రాంతంలో కనిష్ఠానికి దిగుతుంది. ఒకరి దగ్గర ఎనిమిదికి, మరొకరి దగ్గర పదకొండున్నరకు నమూనా తీసుకుని ఇద్దరినీ ఒకే పట్టికలో పోల్చడం శాస్త్రం అనిపించుకోదు.

అడ్రినల్ గ్రంథుల మరో హార్మోను డీహెచ్‌ఈఏ గురించి, మెనోపాజ్ తరువాతి మార్పుల గురించి సవివరంగా మాట్లాడాలని కాగితాలు తెచ్చుకున్నాను. వాటిని పక్కన పెడుతున్నాను, ఎందుకంటే కార్టిసాల్ విషయంలో చెప్పిన జాగ్రత్తలు లేకుండా డీహెచ్‌ఈఏతో దాని నిష్పత్తి కట్టడం వల్ల ఒక పొరపాటు రెండవుతుంది. థైరాయిడ్ ఒక్కటి మాత్రం వదలను. ఈ రోగులలో హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ గ్రంథి మందగించడం, ఎక్కువగా కనిపించడాన్ని పలు అధ్యయనాలు గమనించాయి. అలసట, బరువు పెరగడం వంటివి చెప్పే రోగికి థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించండి.

మానసిక ఒత్తిడికి ఈ వ్యాధితో సంబంధం లేదని నేను అనడం లేదు. ఉంది, దాన్ని అడిగి తెలుసుకోవాలి, అవసరమైతే సాయం ఇప్పించాలి. కానీ "అంతా మీ టెన్షన్" అని విన్న మనిషి మళ్లీ మన గడప తొక్కరు. లైకెన్ ప్లానస్ సుమారు 1 శాతం మందిలో, ఏళ్లు గడిచాక, క్యాన్సర్‌గా మారే అవకాశమున్న వ్యాధి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అటువంటి వ్యాధుల జాబితాలో ఉంచింది. తిరిగి రాని రోగి నాలుక పక్కన గట్టిపడుతున్న మచ్చను ఎవరు చూస్తారు?

అందుకని యువ వైద్యులను ఒకటి కోరుతున్నాను. లాలాజల కార్టిసాల్ పరీక్ష రాసినప్పుడు, అదే కాగితం మీద రోగి నిద్ర లేచిన వేళ, నమూనా తీసిన వేళ, నోట్లో వాడుతున్న మందు పేరు, దాన్ని చివరిసారి వాడిన సమయం, ఉమ్మిలో రక్తపు చార కనబడిందా లేదా అన్నది మీ చేత్తో రాయండి. అనుమానం ఉన్నచోట, అణువులను బరువును బట్టి విడిగా గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీతో, కార్టిసాల్ పనిచేయని రూపమైన కార్టిసోన్‌ను కూడా కొలిచి ఇమ్మని ప్రయోగశాలను అడగండి. లాలాజల గ్రంథులు కార్టిసాల్‌ను కార్టిసోన్‌గా మారుస్తాయి కాబట్టి, కార్టిసాల్ ఆకాశాన్నంటి కార్టిసోన్ మామూలుగా ఉంటే, ఆ హార్మోను గ్రంథుల నుంచి రాలేదని, బయటి నుంచి నోట్లో కలిసిందని అనుమానించాలి. ఆ వివరాలేవీ లేని నివేదిక మీ ముందుకు వస్తే, దాని ఆధారంగా రోగితో ఒక్క మాట కూడా అనకుండా పక్కన పెట్టి, నమూనా మళ్లీ తీయించండి.