పాత పెళ్ళి డిస్కూ, ఇంటి కంప్యూటర్లో ప్లేయరూ
(కావలిలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అమ్మలకు, ఎండలో నడిచొచ్చిన కాలేజీ పిల్లలకు నమస్కారం.

పదిహేడేళ్ళుగా ఈ ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. "ఇంట్లో కంప్యూటరుంది, వీడియోలు చూసుకోడానికి ఏ ప్లేయరు వేసుకోమంటారు?" అని వారానికి ఒకరైనా అడుగుతారు. నిలబడి చెప్పే జవాబు ఒకటుంది, కూర్చుని చెప్పే జవాబు ఒకటుంది. షాపులో ఎప్పుడూ నిలబడే చెబుతాను. ఇవాళ మీరందరూ తీరిగ్గా కూర్చున్నారు కాబట్టి రెండోది చెబుతాను.

పోయిన సంక్రాంతికి ముందు అల్లూరు నుంచి ఒకామె వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రెండు డిస్కులు. వాటి మీద గులాబీపూల మధ్య పెళ్ళికొడుకు, పెళ్ళికూతురి ఫొటో అంటించి ఉంది. "అబ్బయ్యా, ఇది మా పెళ్ళి సీడీ. 2003లోది. టీవీ కింద పెట్టుకునే ప్లేయరు ఎప్పుడో పాడైపోయింది. మా పిల్లోడి కంప్యూటర్లో వేస్తే రావట్లా. ఇంకోచోట చూపిస్తే డిస్కు పోయింది, ఇంక లాభంలేదన్నారు" అంది. అప్పటికే డిస్కులు పారేద్దామా అని ఇంట్లో అనుకున్నారట. చివరిసారి ఒకచోట అడిగి చూద్దామని బస్సెక్కి వచ్చింది.

డిస్కు పెట్టి తెరిచాను. నాలుగైదు ఫోల్డర్లున్నాయి. అందులో 'ఎంపెగ్ ఏవీ' అనే ఫోల్డర్లో ఒకే ఒక్క పెద్ద ఫైలు ఉంది, పేరు చివర 'డాట్ డీఏటీ' అని. దాని మీద రెండుసార్లు నొక్కితే, దేంతో తెరవమంటావని విండోస్ మనల్నే అడుగుతుంది. పిల్లోడు అక్కడే ఆగిపోయాడు. షాపులో చూసినవాళ్ళూ అక్కడే ఆగిపోయి ఉంటారు. నేను ఆ ఫైలును పట్టుకెళ్ళి వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయరు కిటికీలో పడేశాను. ఒక్క క్షణం గరగరమని తిరిగింది, తర్వాత నాదస్వరం మొదలైంది. బొమ్మ అరచేయంత. ఆమె తండ్రి పీట మీద కూర్చుని అల్లుడి కాళ్ళు కడుగుతున్నాడు, వెనక ఎవరో చెంబు అందిస్తున్నారు. ఆమె స్టూలు దగ్గరికి లాక్కుని, "అప్పటికి మా నాయనకి జుట్టు నల్లగానే ఉండిందే" అని మాత్రం అంది. ఆయన పోయి ఆరేళ్ళయిందని తర్వాత చెప్పింది.

ఆ డిస్కుకు ఏమీ కాలేదు. ఆ ఇంటి కంప్యూటర్లో సరైన ప్లేయరు లేదు, అంతే. అందుకే ఇవాళ నేను ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను. ప్లేయరు ఎంచుకునేటప్పుడు మనమందరం కొత్త సినిమా వేసి చూస్తాం, బొమ్మ బాగుందంటాం. కొత్త సినిమా దేంట్లోనైనా వస్తుంది. మీ ఇంట్లో ఉన్న అన్నిటికంటే పాత ఫైలు, మళ్ళీ దొరకనిది, దాన్ని వేసి చూడండి. పెళ్ళి డిస్కు కావచ్చు, పాత నోకియా ఫోన్లో తాతయ్య గొంతు పట్టుకున్న రికార్డింగు కావచ్చు. దాన్ని ఏ ప్లేయరు పాడిస్తే అదే మీ ఇంటి ప్లేయరు.

ఒక ఫైలు ఒకచోట వచ్చి ఇంకోచోట ఎందుకు రాదో కొంచెం చెప్పాలి. పొలానికి అన్నం పట్టుకెళ్ళే క్యారేజీ గుర్తు తెచ్చుకోండి. పైనుంచి చూస్తే అన్ని క్యారేజీలూ ఒకటే. లోపల ఒక గిన్నెలో అన్నం, ఒకదాంట్లో పులుసు, ఇంకోదాంట్లో పెరుగు. వీడియో ఫైలూ అట్లాంటిదే. పేరు చివర కనబడే ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ అనేవి క్యారేజీ పేర్లు. లోపల బొమ్మ ఒక గిన్నె, శబ్దం ఒక గిన్నె, సబ్‌టైటిళ్ళు ఇంకో గిన్నె. ఒక్కో గిన్నెలోది ఒక్కో పద్ధతిలో కుదించి పెట్టి ఉంటుంది. ఆ పద్ధతినే కోడెక్ అంటారు. శబ్దం వస్తుంది, బొమ్మ నల్లగా ఉంటుంది అని మీరు నాకు ఫోన్ చేస్తారే, అప్పుడు క్యారేజీ మూత తెరుచుకుంది, ఒక గిన్నె మాత్రం తెరుచుకోలేదన్నమాట. ఎంపీ4 అని ఉంది కదా ఎందుకు రాదు అనడం, క్యారేజీ చూసి లోపలి కూరేదో చెప్పడమే.

బొమ్మను కుదించే పద్ధతులు కాలంతో మారుతున్నాయి. అల్లూరు ఆమె తెచ్చినలాంటి వీడియో సీడీ, అంటే వీసీడీ, 1993లో వచ్చింది, దాన్ని కుదించే పద్ధతి పేరు ఎంపెగ్-1. మన దగ్గర వాడిన వీసీడీలో బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. ఇప్పటి ఫుల్ హెచ్‌డీ బొమ్మలో ఇది ఇరవయ్యో వంతు. అందుకే పాత పెళ్ళి సీడీని 43 అంగుళాల టీవీ నిండా పరిచి, మసకగా ఉందని బాధపడొద్దు. చిన్న కిటికీలో చూడండి, ముఖాలు తెలుస్తాయి. ఒక డిస్కులో 74 నిమిషాలే పడుతుంది, ముహూర్తం ఒకదాంట్లో, అప్పగింతలు ఇంకోదాంట్లో రావడం అందుకే. 2003లో హెచ్.264 అనే పద్ధతి వచ్చింది, 2013లో హెచ్.265 వచ్చింది, దీన్నే హెచ్‌ఈవీసీ అంటారు. ఈ రెండోది దాదాపు సగం సైజులోనే అంతే నాణ్యత ఇస్తుంది. కానీ విండోస్‌తో వచ్చే ప్లేయరు చాలా కంప్యూటర్లలో దీని దగ్గర ఆగి, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో కొంత డబ్బు కట్టి ఎక్స్‌టెన్షన్ అనే అదనపు ముక్క కొనుక్కోమంటుంది. డీవీడీ సంగతీ అంతే. విండోస్ 7లో చాలా రకాల్లో దాని ప్లేయరే డీవీడీ ఆడించేది. విండోస్ 8 నుంచి ఆ సౌకర్యం తీసేశారు.

వీఎల్‌సీలో ఈ కోడెక్‌లన్నీ లోపలే ఉంటాయి, మనం విడిగా ఏదీ తెచ్చుకోనక్కర్లేదు. దీని పుట్టుక నాకు చాలా ఇష్టం. 1996లో పారిస్ దగ్గరి ఎకోల్ సెంట్రాల్ అనే ఇంజనీరింగ్ కాలేజీలో, క్యాంపస్ నెట్‌వర్కు మీద వీడియో పంపించాలని విద్యార్థులు మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. 2001లో దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాము అసలు రాత, అందరికీ తెరిచిపెట్టారు. ఆ నారింజరంగు ట్రాఫిక్ కోన్ గుర్తు కూడా, ఆ పిల్లలు రోడ్ల మీది కోన్లు తెచ్చి హాస్టల్లో పోగుచేయడం వల్ల వచ్చిందే. ఇప్పటికీ లాభాపేక్ష లేని సంస్థే నడుపుతోంది. ప్రకటనలు పెడితే కోట్లు ఇస్తామన్నవాళ్ళను వద్దన్నానని దాని పెద్ద జాన్ బాప్టిస్ట్ కెంఫ్ చాలాసార్లు చెప్పారు. 2025 జనవరి నాటికి డౌన్‌లోడ్లు 600 కోట్లు దాటాయని ప్రకటించారు. ఇక్కడున్న కాలేజీ పిల్లలు ఈ ముక్క గుర్తుపెట్టుకుంటే నాకు సంతోషం. మీ వయసువాళ్ళు కాలేజీలో మొదలుపెట్టిన పనే, అల్లూరు ఆడబిడ్డకు తండ్రిని చూపించింది.

"వీఎల్‌సీని మన దేశంలో బ్యాన్ చేశారంట గదా?" అని ఇప్పటికీ కొందరు అడుగుతారు. 2022లో ఆ సంస్థ వెబ్‌సైటు మన దేశంలో కొన్ని నెలలు తెరుచుకోలేదు, నిజమే. సంస్థ అక్టోబరులో ప్రభుత్వానికి లీగల్ నోటీసు పంపింది, నవంబరులో అడ్డు తీసేశారు. ఆ నెలల్లో జరిగిన నష్టం నా బల్ల మీదికి వచ్చింది. అసలు సైటు తెరుచుకోక జనం గూగుల్లో ముందు కనబడ్డదల్లా నొక్కారు. ఆకుపచ్చ రంగులో పెద్ద డౌన్‌లోడ్ బటన్, నొక్కితే ప్లేయరుతో పాటు నాలుగు చెత్త ప్రోగ్రాములు. ఒక రిటైర్డ్ మాస్టారి కంప్యూటర్లో బ్రౌజరు తెరిస్తే చాలు, జూదం ప్రకటనలు దూకేవి. మనవరాలు ఆన్‌లైన్ క్లాసుకు కూర్చునే కంప్యూటరు అది. మాస్టారు నా ముందు తలెత్తలేకపోయారు. ఆయన తప్పు ఏముంది చెప్పండి? ఇప్పుడు ఆ సంస్థ అసలు సైటు, వీడియోలాన్ డాట్ ఆర్గ్ (videolan.org), బాగానే తెరుచుకుంటుంది. అక్కడినుంచే తెచ్చుకోండి. మరో మాట. కోడెక్‌లన్నీ ఒక మూటగా ఇస్తామనే 'కోడెక్ ప్యాక్' వేసుకోమని ఎవరైనా చెబితే, ఏదైనా వీడియో తెరిచినప్పుడు 'ప్లేయరు అప్‌డేట్ చేయండి' అని పేజీ వస్తే, మూసేయండి. నా దగ్గరికొచ్చే వైరస్ కేసుల్లో ఈ దారిన వచ్చినవి చాలా ఉంటాయి.

వీఎల్‌సీ వేసుకున్నాక కీబోర్డు మీద నేర్చుకోవలసిన ఇంగ్లీషు అక్షరాలు కొన్ని చాలు. పెళ్ళి డీవీడీలో పెళ్ళికూతురు కదిలినప్పుడల్లా పట్టుచీర అంచు దువ్వెన పళ్ళలా అడ్డగీతలుగా చీలిపోవడం చూసే ఉంటారు. క్యాసెట్ కెమెరాలు సగం గీతలు ఒకసారి, మిగతా సగం మరోసారి తీసేవి, అందుకు అలా కనబడుతుంది. వీడియో ఆడుతుండగా డి (D) అక్షరం నొక్కండి, అంచు అతుక్కుంటుంది. మనుషులు లావుగా, సాగదీసినట్టు కనబడితే 'ఏ' (A) అక్షరం నొక్కుతూ పోండి, సరైన కొలత దగ్గర ఆగండి. పెదాలు ఒకటి అంటే మాట తర్వాత వస్తుంటే జె, కె అక్షరాలు శబ్దాన్ని 50 మిల్లీసెకన్ల చొప్పున అటూ ఇటూ జరుపుతాయి. సబ్‌టైటిళ్ళకు జి, హెచ్ అదే పని చేస్తాయి. తెలుగు సబ్‌టైటిళ్ళ దగ్గర ఇంకో చిక్కుంది. ఒత్తులు అక్షరం కింద చేరకుండా పక్కన విడిగా నిలబడితే మీది పాత వెర్షను. 2018లో వచ్చిన మూడో వెర్షను నుంచి మన లిపి సరిగ్గా కూడుతుంది. అక్షరాలకు బదులు ప్రశ్నార్థకాలో, పిచ్చి గుర్తులో వస్తే ఆ సబ్‌టైటిల్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి, తెలుగు అక్కడ బాగా కనబడితే, సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ అన్నచోట యూటీఎఫ్-8 (UTF-8) ఎంచుకోండి.

అన్నిటికీ వీఎల్‌సీయే అని నేను మొండిగా చెప్పను. పదేళ్ళు దాటిన కంప్యూటరులో హెచ్‌ఈవీసీ సినిమా నత్తనడక నడుస్తుంటే, చాలాసార్లు ప్లేయరు తప్పు కాదు. దాన్ని విప్పే ఏర్పాటు ఆ కంప్యూటరు గ్రాఫిక్స్ చిప్పులో లేదు, బరువంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాను హోరుమంటుంది. అక్కడ ఎంపీవీ (mpv) కానీ, ఎంపీసీ-హెచ్‌సీ (MPC-HC) కానీ, ఈ రెండు ప్లేయర్లలో ఒకటి వేసి చూడండి, కొంత తేలిగ్గా నడుస్తాయి. ఎంపీసీ-హెచ్‌సీని మొదట చేసినవాళ్ళు 2017లో ఆపేశారు, తర్వాత ఇంకొకరు ఎత్తుకుని కొత్త వెర్షన్లు ఇస్తున్నారు, కాబట్టి పాతది కాకుండా ఆ కొత్తదే తెచ్చుకోవాలి. దాంతోనూ కుదరకపోతే అదే సినిమా హెచ్.264లో చూసుకోవడం తప్ప దారిలేదు. ఫోన్లో తీసిన వీడియోలు మాత్రమే చూసే ఇంట్లో విండోస్‌తో వచ్చిందే సరిపోవచ్చు, కొత్తది ఎందుకు?

పాటలకు వేరే ప్లేయరు పెట్టుకోమంటాను. పొద్దున్నే సుప్రభాతం, అన్నమయ్య కీర్తనలు వేసుకునే ఇళ్ళు మనవి. వెయ్యి పాటలున్న ఫోల్డర్లో వెతుక్కోవడానికి ఫూబార్ 2000, మ్యూజిక్‌బీ లాంటివి హాయిగా ఉంటాయి. గాయకుడి పేరుతో, ఆల్బమ్ పేరుతో అవే సర్దిపెడతాయి.

ఇంకొక్క పని, ఇది వాయిదా వేయొద్దు. ప్లేయరు డిస్కును ఆడించిందంటే ఆ డిస్కులో ఇంకా ప్రాణం ఉంది. ఆ రోజే, ఆ డీఏటీ ఫైలును కంప్యూటర్లోకి కాపీ చేసుకోండి, ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లోకో, అన్నదమ్ముల ఇంటికో పంపండి. మన సముద్రపు గాలికి డిస్కు పైపొర పెచ్చులు లేవడం నేను చాలా చూశాను. తుమ్మలపెంట నుంచి ఒకాయన తెచ్చిన డిస్కును దీపానికి అడ్డం పెడితే చుక్కలు చుక్కలుగా వెలుతురు కనబడింది. దానికి ఏ ప్లేయరూ ఏమీ చేయలేకపోయింది. అందులో వాళ్ళమ్మ ఉందట.

పెన్‌డ్రైవ్‌లు, డిస్కులు తెచ్చుకోమని ముందే చెప్పాం కదా, గ్రంథాలయం కంప్యూటరు ఇక్కడే ఉంది. ముందు వరసలో పెద్దాయన ఇందాకటినుంచీ కవరు ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. ఇటివ్వండయ్యా. మెత్తటి నూలుగుడ్డ ఎవరి దగ్గరైనా ఉందా? గుండ్రంగా తుడవకూడదు, మధ్యనుంచి అంచుకు తుడవాలి, ఇదిగో ఇట్లా. ఇప్పుడు పెడదాం.